గేటమ్మ ఆపిన కబురు

గేటమ్మకు ఒక పేరుందని నాకు మొన్న ఫ్లెక్సీ చూశాకే తెలిసింది. వనపర్తి కూరగాయల మార్కెట్టు మలుపులో కరెంటు స్తంభానికి కట్టి ఉంది. మధ్యలో ఆమె ఫొటో, చుట్టూ కొడుకులు, కోడళ్లు, మనవల చిన్న ఫొటోలు, కింద పదో దినం ఎక్కడో ఆ వివరం. ఫొటో కోసం ఎవరో ఆమెకు నున్నగా తల దువ్వి పట్టుచీర కట్టించారు. అందుకే మొదట పోల్చుకోలేదు. సంచిలో బీరకాయలు వేసుకుని నాలుగడుగులు దాటిపోయాక, ఆ చూపు నాకు తెలుసే అనిపించి వెనక్కి వచ్చాను. ఎదురుగా ఉన్న మనిషి తిన్నదో లేదో కనిపెట్టే చూపు అది. కింద పేరు చదివాను. చక్కటి పేరు. నలభై ఏళ్లలో ఒక్కరు కూడా ఆమెను ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఇప్పుడు నేను మొదలుపెడితే ఆమెకే కొత్తగా ఉంటుంది, అందుకని ఇక్కడ రాయను.

టాకీసులో ఆడవాళ్ల గేటు ఆమెది. అందుకే గేటమ్మ.

ఆ టాకీసు మొదట పల్లికాయ మిల్లు గోదాము. అంతకుముందు ఊళ్లోకి సినిమా గుడారంలో వచ్చేదట. ఎండాకాలమంతా ఆడించి, తొలకరి పడగానే గుడారం విప్పుకుని గద్వాల దిక్కు వెళ్లిపోయేవాళ్లట. మిల్లు యజమాని రెండు మూడేళ్లు ఆ జనాన్ని చూసి, గోదాములో బస్తాలు తీయించి, ఒక గోడకు సున్నం కొట్టించి దాన్నే తెర చేశాడు. నేను కొత్త పంతులమ్మగా వనపర్తిలో దిగేనాటికి అది బాగా పాతబడిన టాకీసు. గోడకు బదులు గుడ్డ తెర వచ్చింది, వెనక కుర్చీలు వచ్చాయి. అయినా మధ్యాహ్నం ఆటలో రేకులు వేడెక్కాయంటే పల్లీల వాసన వచ్చేది. గట్టి వాన పడితే రేకుల చప్పుడుకు తెర మీది మాటలు వినబడేవి కావు. అప్పుడు నేల మీద కూర్చున్నవాళ్లు తమకు తోచిన మాటలు తామే అనుకునేవాళ్లు. కొన్నిసార్లు అసలు మాటలకంటే అవే బాగుండేవి.

ఆడవాళ్లకు ఎడమ పక్క వేరే చోటు, నడుం ఎత్తు అడ్డుగోడ. గేటు కూడా వేరే, సందులోకి తెరుచుకునేది. ఆ గేటు మొదట గేటమ్మ అత్తగారిది, అత్త పోయాక కోడలికి వచ్చింది.

"మా అత్త కాలంల పర్ద ఉండె పంతులమ్మా" అని చెప్పేది. "గోడ మీదికెళ్లి కప్పు దాంక పర్ద. బత్తీలు ఆరినంక తాడు గుంజి పర్ద తియ్యాలె, ఇంటర్వల్ కంటె ముందు మల్ల ఎయ్యాలె. జర ఆలస్యమైతె సినిమా జూడనీకి వచ్చిన మగోళ్లు సినిమా ఇడ్సి మమ్ములనే జూసేటోళ్లు."

పర్దా తీసేసి ఎన్నో ఏళ్లయింది. అయినా ఇంటర్వెల్ దగ్గరపడుతోందంటే గేటమ్మ కుడిచెయ్యి దానంతటదే గోడ మీది కొక్కెం వైపు లేచేది. అక్కడ తాడు లేదని గుర్తొచ్చి, ఆ చేత్తోనే కొప్పు సర్దుకునేది. ఇంటర్వెల్ ఎప్పుడొస్తుందో ఆమెకు తెర చూడకుండానే తెలుసు. అసలు తెర చూసే తీరిక ఆమెకు లేదు. వరండా దూలానికి పాతచీరలతో ఉయ్యాలలు కట్టి ఉండేవి. లోపల ఏ పసిపిల్ల ఏడ్చినా వెళ్లి ఎత్తుకొచ్చి ఉయ్యాలలో వేసేది. ఒక్కొక్క ఆటలో నాలుగు ఉయ్యాలలు ఊగేవి. మాకందరికీ సినిమా కళ్లతో అందితే ఆమెకు చెవులతో అందింది. చెడ్డవాడు ఎవరో మాకంటే ముందే చెప్పేసేది. "వాడు మంచోడు కాదు, బూట్ల సప్పుడు ఇను" అనేది. ఎప్పుడూ తప్పలేదు.

ఉయ్యాలలోనూ ఊరుకోని పిల్లలుండేవాళ్లు. అప్పుడు తల్లి దగ్గరికి వెళ్లేది. తల్లేమో తెర మీది కష్టాలకు కళ్లు తుడుచుకుంటూ ఉండేది. గేటమ్మ వంగి, "తెర మీదామె రేపు గుడ ఏడుస్తది, రేపు జూడు. నీ బిడ్డ ఇప్పుడు ఏడుస్తుండు. లే, పాలియ్యి" అనేది. ఈ మాట నేను బడిలో చాలాసార్లు వాడుకున్నాను, కాస్త మార్చి.

మగవాళ్లంటే ఆమెకు భయం లేదు. ఒకసారి ఒకాయన పట్టపగలే బాగా తాగి, పెళ్లాం తనతో చెప్పకుండా సినిమాకొచ్చిందని గేటు మీదికొచ్చాడు. నేను అప్పుడే లోపలికి వెళ్లబోతున్నాను. గేటమ్మ అడ్డం కూర్చున్న స్టూలు మీంచి లేవలేదు.

"లోపల రెండొందల మంది ఉండ్రు. చీకట్ల ఆడోళ్లంత ఒక్క తీరే కనవడ్తరు. యాడని దేవులాడాలె? ఆట అయినంక రా" అంది.

"నా పెండ్లాన్ని నేను గుర్తువట్టనా?" అన్నాడు.

"పెండ్లినాటి సంది నిమ్మలంగ ఒక్కసారన్న జూసినవా గుర్తువట్టనీకి?" అంది.

సందులో ఉన్న సోడా బండి అతను పగలబడి నవ్వాడు. తాగినాయన సందు చివరికి వెళ్లి కూలబడ్డాడు. ఆట అయ్యేలోపే ఆ పెళ్లాన్ని మిల్లు వెనక దారిలో ఇంటికి పంపించింది గేటమ్మ. పోతూ పోతూ ఆమె చేతిలో ఆకుకూర కట్ట ఒకటి పెట్టింది, మార్కెట్టుకు వెళ్లొచ్చినట్టు ఉండాలని.

ఇక అసలు సంగతికి వస్తాను.

చుట్టుపక్కల పాన్‌గల్ దాకా, అటు కొత్తకోట దాకా పల్లెల జనం ఆ టాకీసుకే వచ్చేవాళ్లు. ఫోన్లు లేవు. ఊళ్లో ఏదన్నా జరిగితే ఎవరో ఒకరు సైకిలు తొక్కుకుంటూ టాకీసుకు రావలసిందే. కబురు మగవాళ్లకైతే, మిషను గదిలో ఉన్నతను మసి పట్టిన గాజుపలక మీద పుల్లతో పేరు గీకి తెర మీద చూపించేవాడు. ఫలానా ఊరి ఫలానా బయటికి రావాలని. ఆడవాళ్ల పేర్లు మాత్రం తెర మీద పడకూడదు. అంతమంది మగవాళ్ల ముందు ఆడమనిషి పేరా అని. అందుకని ఆడవాళ్ల కబుర్లన్నీ గేటమ్మ దగ్గరికే వచ్చేవి. టార్చిలైటుకు వేళ్లు అడ్డం పెట్టి, వెలుగు కాళ్ల మీద మాత్రమే పడేలా చూసుకుంటూ లోపలికి వెళ్లి, భుజం తట్టి పిలుచుకొచ్చేది.

అయితే అన్ని కబుర్లకూ లోపలికి వెళ్లేది కాదు. మా దిక్కు చావు కబురు తెచ్చేవాడు చనిపోయారని చెప్పడు. "జర పానం బాగలేదు, జల్ది రమ్మన్నరు" అంటాడు. ఇల్లు చేరేదాకా అదే మాట. నిజంగా జ్వరం వచ్చినా అదే మాట. మరి ఎట్లా తెలుసుకోవాలి? గేటమ్మ కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి ఇచ్చేది. చావు కబురు మోసుకొచ్చినవాడు దాన్ని అందవలసిన మనిషికి అందించేదాకా దారిలో ఎవరి నీళ్లూ ముట్టడు, గొంతెండిపోయినా సరే. అది పెద్దల నాటి పట్టింపు. కాబట్టి వచ్చినవాడు నీళ్లు గటగటా తాగేస్తే గేటమ్మ వెంటనే టార్చి పట్టుకుని లేచేది. వద్దన్నాడా, చెంబు కింద పెట్టి, "నువ్వు పో, నేను తోలిస్త" అని అతన్ని పంపించేసి, ఆట అయ్యేదాకా ఊరుకునేది.

ఒకసారి ఇదేం పద్ధతని అడిగాను.

"లేపి ఏం జెయ్యాలె పంతులమ్మా? పోయినోడు లేస్తడా?" అంది. "ఆమె ఇల్లు దాటి వచ్చుడే ఏడాదికొక్కసారి. ఇయ్యాల్టి సంది ఎట్లనన్న ఏడుస్తది. గీ గంట నవ్వనీ. గీ గంట ఎవరిస్తరు మల్ల?"

నేను ఆ మాట ఎంత మెచ్చుకున్నానో! స్టాఫు రూములో అందరికీ చెప్పాను. చదువుకోకపోయినా ఎంత పెద్ద మనసో చూడండి అన్నాను. మెచ్చుకోవడానికి ఏముంది, అప్పుడు చనిపోయింది వేరేవాళ్ల తండ్రులు కదా.

మా నాయన వలస కూలి. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట లేదంటారే, ఆ కూలీల్లో ఒకడు. ఎక్కడెక్కడో కాలువలు తవ్వి, రాళ్లు పగలగొట్టి, ఏడాదికి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. నేను పుట్టాక ఆయన మాతో ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే నాలుగేళ్లు కూడా రావు. ఆయన ఒకచోట రాళ్లు కొడుతుంటే నేను ఒకచోట హాస్టల్లో చదువుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చిన ఏడే రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు చెడి, ఇక పనికి పోలేక ఇంటికొచ్చేశాడు. పాన్‌గల్ దాటి రెండు మైళ్లు లోపలికి మా ఊరు. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లేదాన్ని. అరుగు మీద ఆయన పక్కన కూర్చునేదాన్ని. పెద్దగా మాటలుండేవి కావు, ఇద్దరికీ అలవాటు లేదు. బడి గురించి అడిగేవాడు. పిల్లలు మాట వింటారా అనేవాడు. నేను వింటారంటే చాలు, తనకే ఎవరో లోకువ చేయకుండా నమస్కారం పెట్టినంత సంతోషపడేవాడు.

ఒక్క ఆదివారం వెళ్లలేదు. ఒక నవ్వుల సినిమా ఆడుతోంది, అది ఆఖరి రోజు. వచ్చే వారం పోతే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఎండలు ముదిరి, వానలు ఇంకా పడని రోజులు. మధ్యాహ్నం ఆటకు వెళ్లాను. గేటమ్మ నాకు ఎప్పుడూ స్తంభం పక్క చోటు ఉంచేది, అక్కడ ఫ్యాను గాలి వస్తుందని. సినిమా మొదలైన అరగంటకు అనుకుంటాను, గేటమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఉయ్యాలలు ఊపే పని ఇంకెవరికో అప్పజెప్పి వచ్చిందట. నాకు ఆశ్చర్యమేసింది. ఆమె సినిమా చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఏంది గేటమ్మా, నువ్వు గుడ సినిమాకొచ్చినవా?" అన్నాను.

"జర కూసుందామని" అంది.

ఆ సినిమాలో నేను నవ్విన నవ్వు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. నవ్వాపుకోలేక ఆమె భుజం మీద వాలిపోయాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఇంటర్వెల్లో వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. తిను, కడుపు నిండ తిను అని దగ్గర కూర్చుని తినిపించింది. ఈమెకు నామీద ఇంత ప్రేమేమిటని లోపల మురిసిపోయాను కూడా.

దీపాలు వెలిగాక నా చెయ్యి పట్టుకుంది. "పంతులమ్మా, జర నిమ్మలంగ ఇను. మీ ఊరికెళ్లి కబురొచ్చింది. మీ నాయినకు పానం బాగలేదంట" అంది. నీళ్ల సంగతి నాకు తెలుసు. ఆట అయ్యాక చెప్పిందంటే దాని అర్థమేమిటో కూడా తెలుసు. బస్టాండు దాకా ఆమే నన్ను నడిపించుకెళ్లి ఆరు గంటల బస్సెక్కించింది. కిటికీ పక్క కూర్చుని, అంతా అయిపోయిందనుకునే ఏడ్చాను.

ఇంటి ముందు జనం. మా అన్న నన్ను చూడగానే మీదికి లేచాడు.

"ఇప్పుడొస్తివా? మూడు గంటలకే నీకు కబురు చెప్పొచ్చిండు సైకిలు షాపు మామ. నాలుగు గంటల బస్సు ఎందుకెక్కలే? నాయిన పోయి గంట గుడ కాలే. ఎట్ల మనసొప్పింది సెల్లె నీకు, సినిమా జూస్కుంట కూసోనీకి?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసే మామ మధ్యాహ్నం నా గదికి వెళ్లి, పక్కవాళ్లు చెబితే టాకీసుకు వచ్చినప్పుడు నాయన బతికే ఉన్నాడు. నేను బజ్జీలు తింటున్నప్పుడూ బతికే ఉన్నాడు.

మిగతాది అమ్మ చెప్పింది. మధ్యాహ్నం నుంచి ఆయాసం ఎక్కువైందట. ఊళ్లోకి ఏ బస్సు వచ్చిన చప్పుడైనా "బిడ్డొచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడట. అయిదు గంటలప్పుడు వనపర్తి నుంచి బస్సు వచ్చిన చప్పుడు వినబడితే, లేపి కూర్చోబెట్టమన్నాడట. నా ముందు పడుకుని ఉండటం ఇష్టం లేక కాబోలు. కూర్చోబెట్టారు. తుండుతో మొహం తుడవమన్నాడట, తుడిచారు. బస్సు దిగినవాళ్లంతా ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. కాసేపు వాకిలి వైపే చూసి, ఇక పడుకోబెట్టమన్నాడట. ఆ తర్వాత మాట్లాడలేదట.

ఆ పది రోజులు నేను ఎట్లా బతికానో నాకే తెలియదు. పలకరించడానికి వచ్చినవాళ్లు గుసగుసలాడటం, నేను అటు వెళ్లగానే ఆపేయడం. కూలి చేసి చదివించిన తండ్రి చచ్చిపోతుంటే బిడ్డ సినిమా చూస్తూ కూర్చుందట. నాకు కబురందలేదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మినవాళ్లు లేరు. మామ అబద్ధం చెప్పే మనిషి కాదు, టాకీసులో చెప్పి వచ్చానంటే వచ్చినట్టే.

పదో దినం నాడు భోజనాల వేళకు గేటమ్మ వచ్చింది. మా ఊరి బస్సు దొరక్క, పాన్‌గల్‌లో దిగి రెండు మైళ్లు ఎండలో నడిచి వచ్చింది. మా ఊరివాళ్లెవరో మార్కెట్టుకు వెళ్లి చెప్పారట ఇక్కడ ఏం జరుగుతోందో. పందిట్లో అందరూ ఉన్నారు. ఆమె చెప్పులు విప్పి పందిరి గుంజ దగ్గర నిలబడింది.

"అయ్యా, తప్పు నాది" అంది, అందరికీ వినబడేలా. "పంతులమ్మకు కబురు నేను చెప్పలే. ఆ బిడ్డకు ఏం తెల్వదు. మీరేమన్న అంటె నన్ను అనుండ్రి."

మా అన్న లేచి నిలబడ్డాడు. "ఎందుకు చెప్పలే?"

"వచ్చినాయనకు నీళ్లిచ్చిన. తాగలే. గంత ఎండల గంత దూరం తొక్కుకుంట వచ్చినోడు సుక్క నీళ్లు గుడ ముట్టలే. మనిషి పోయిండనుకున్న."

ఒక మూల కూర్చున్న సైకిలు షాపు మామ రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! రంజాన్ నెల గద తల్లీ! నేను రోజా ఉంటి! నీళ్లెట్ల తాగుత?"

మామ టోపీ పెట్టడు, గడ్డం పెంచడు, మా భాషే మాట్లాడతాడు, మా అందరిలాగే పంచె కట్టి మెడలో తుండు వేసుకుంటాడు. మా ఊరివాళ్లకు ఆయనెవరో తెలుసు. గేటు దగ్గర మొదటిసారి చూసిన మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఆ రోజు ఆయన ఒక్కమాట, నాకు ఉపవాసం అని అన్నా సరిపోయేది. ఆయాసంలో అనలేదు. ఆమె అడగలేదు. ఇద్దరూ ఎదుటి మనిషి మేలు కోరే పని చేశారు.

అంతటితో నామీద మాట పడటం ఆగిపోయింది. అన్న నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. గేటమ్మను కూర్చోమన్నాడు, నాలుగు మెతుకులు తిని పొమ్మన్నాడు. ఆమె కూర్చోలేదు. గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూసింది. నేను ఒక్కమాటైనా అంటానేమోనని చూసింది. నేను మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాను. నా పరువు నిలబెట్టడానికి అంత దూరం నడిచొచ్చి నలుగురిలో తల వంచుకున్న మనిషితో నేను చేసింది ఇది. అప్పుడు నాకు సిగ్గనిపించలేదు. నువ్వు చేయవలసిన పనే చేశావు, ఇక వెళ్లు అన్నంత కోపం. అమ్మ చెప్పిన ఆ బస్సు సంగతి, కూర్చోబెట్టమన్న సంగతి, ఎప్పటికైనా ఒకరోజు ఆమె మొహం మీదే చెప్పాలని మనసులో పెట్టుకున్నాను. ఆ మాటలు ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకుని ఉంచుకున్నాను.

మూడు నెలలకే నాగర్‌కర్నూలుకు బదిలీ చేయించుకున్నాను. తర్వాత గద్వాల, మళ్లీ నాగర్‌కర్నూలు, పెళ్లి, పిల్లలు. చాలా ఏళ్లు ఏ టాకీసు గడపా తొక్కలేదు. వనపర్తిలో పాత స్నేహితురాలొకామె అప్పుడప్పుడు కలిసినప్పుడు గేటమ్మ ముచ్చట తెచ్చేది. ఆమె మారిపోయిందట. నీళ్ల చెంబు మానేసిందట. కబురు తెచ్చినవాణ్ణి గల్లా పట్టుకున్నంత పని చేసి, "ఉన్నడా, సచ్చిండా? నోరిప్పి చెప్పు" అని అడుగుతుందట. ఏ కబురైనా ఆ క్షణమే లోపలికి తెస్తుందట. ఆమె టార్చి లోపల కనబడితే చాలు, ఆడవాళ్లంతా సినిమా మరిచి గుండెలు చిక్కబట్టుకుని కూర్చుంటున్నారట. "ముందటి గేటమ్మ కాదే" అంది నా స్నేహితురాలు. నేను ఔనా అని వేరే సంగతి ఎత్తుకున్నాను.

కాలం ఆ టాకీసునూ వదల్లేదు. మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చునే రోజులొచ్చాక అడ్డుగోడ పగలగొట్టారు. ఆడవాళ్ల గేటుకు తాళం పడింది. ఇంటింటికీ టీవీలొచ్చాయి, ఆటలు తగ్గాయి, ఒకరోజు అసలే ఆగిపోయాయి. ఇప్పుడది ఫంక్షన్ హాలు. రేకులు తీసేసి లోపల తెల్లటి సీలింగు వేశారు.

రిటైరయ్యాక వనపర్తికే వచ్చి స్థిరపడ్డాను. రెండేళ్ల కింద ఆ హాల్లో, మాతో పనిచేసిన ఒకామె మనవరాలి ఓణీల ఫంక్షన్ జరిగింది. పిలిస్తే వెళ్లక తప్పలేదు. చేతులు కడుక్కోవడానికి నల్లా ఎక్కడుందో చెప్పమని, పక్క గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలామెను అడిగాను. కళ్లకు దళసరి అద్దాలు. ఆమె తలెత్తి వింటూ ఉండిపోయింది.

"పంతులమ్మ గొంతేనా అది?" అంది.

ఆమెను అక్కడ ఎవరూ పెట్టలేదట. ఊరికే వచ్చి కూర్చుంటుందట. హాలువాళ్లు అలవాటుపడి, ఫంక్షన్ ఉన్నరోజు ఒక కుర్చీ వేసి అన్నం పెడతారట. లోపలికొచ్చే ఆడవాళ్లకు చంటిపిల్లలుంటే, "ఇటియ్యి, నువ్వు పొయ్యి తినిరా" అంటుందట. ఎవరో ఒకరు ఇస్తారట కూడా.

నేను ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే చెప్పలేను. మోకాళ్ల నొప్పులు, షుగరు, పిల్లలు ఎక్కడున్నారు, ఇవే మాట్లాడుకున్నాం. తిన్నావా అని మూడుసార్లు అడిగింది.

"ఒక మాట అడుగుత, కోపం జెయ్యకు" అంది. "ఇన్నేండ్ల సంది అడుగుదామంటె ధైర్యం సాల్లే. నువ్వు యాడున్నవో తెల్వకపాయె. మీ నాయిన ఆ దినం... నీ కోసం అడిగిండా?"

నలభై ఏళ్లుగా నోటికి వచ్చి ఉన్న జవాబు అది. అడిగాడు, ప్రతి బస్సుకూ అడిగాడు, మొహం తుడిపించుకుని కూర్చున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో కూడా నాకు తెలుసు. ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. లోపల మైకులో ఎవరో అందరినీ భోజనాలకు రమ్మంటున్నారు.

"లేదు గేటమ్మా" అన్నాను. "పొద్దుగాల్నుంచే తెలివి లేకుండె. నేను నాలుగు గంటల బస్సుకు పోయినా నన్ను గుర్తువట్టకపోయేటోడు."

"ఎవరు జెప్పిండ్రు?"

"మా అమ్మ."

ఆమె అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. చీర చెంగుతో మొహం తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. ఉయ్యాలలో పిల్లలు నిద్రపోయాక వదిలే ఊపిరి లాంటిది ఒకటి వదిలింది.

"మస్తు నవ్వినవ్ పంతులమ్మా గా దినం" అంది. "నా భుజం మీద వడి నవ్వినవ్. నాకు ఇంక యాదికుంది."

"నవ్విన" అన్నాను.

"అట్లయితె ఆ నవ్వన్న నీకు దక్కింది."

"దక్కింది గేటమ్మా" అన్నాను.